బావి పండుకునే దినం

వాహెదే అయ్యుంటాడు, ఇంకెవరు, అనుకుంటున్నాడు హనుమండ్లు. అనుకున్నకొద్దీ ఆ మాట మనసుకు హాయిగా ఉండడం అతనికే వింతగా తోచింది. చేంతాడు తడిగా ఉంది. గట్టు మీది రాయిపై నీటి చార సగం ఆరి, సగం మిగిలి ఉంది. దొంగ జాడ దొరికితే మనిషికి కోపం రావాలి. తనకేమో ఏదో బరువు దిగినట్టుంది.

"చూసినవా అన్నా?" రాయమల్లు తాడును పిడికిట్లో పిండి చూపించాడు. "బావి పండుకునే దినం బొక్కెన దిగింది. పోయినపారి గూడ గిట్లనే. నేను మొత్తుకుంటే నువ్వు ఇనకపోతివి."

హనుమండ్లు, రాయమల్లు, వాహెద్ ముగ్గురి పొత్తుల బావి అది. రెండేళ్లు వానలు మొహం చాటేశాక ముగ్గురూ కూర్చుని కట్టుబాటు చేసుకున్నారు. ఏ సర్కారు మనిషీ వచ్చి చెప్పలేదు. వరి వెయ్యొద్దు. ఎగువ చెలకల్లో గట్లు పోసి వాననీళ్లు ఆపాలి. రోజుకొకరి వంతున మూడు రోజులు తోడుకుంటే, నాలుగో రోజు బావి పండుకోవాలి. ఆ రోజు ఇంజన్ నడవదు, తాడు దిగదు. తాగడానికి కూడా. ఆ చివరి మాట హనుమండ్లుది. మిగతా ఇద్దరూ నవ్వారు. అతను నవ్వలేదు. చెంబుకు ఒప్పుకుంటే రేపు బిందె అంటారు, ఎల్లుండి మడి అంటారు అన్నాడు.

"వాహెద్‌గాని ఖర్బూజ తీగెలు జూడు, ఎట్ల నిగనిగలాడుతున్నయో! లక్సెట్టిపేట అంగట్ల అమ్ముకుంటుండు, మనం ఈడ నోరు కట్టుకుంటున్నం," అన్నాడు రాయమల్లు. "దొంగను పట్టకుంటే రేపటి సంది నేను వరి ఏస్త. నా ఇంజన్ నాది. ఎండితే అందరికీ ఎండుతది, పీడ పోతది."

"పట్టుకుంట."

"పట్టి? బుద్ధి చెప్పి ఇడిచిపెడ్తవా?"

"పొత్తుల నుంచి తీసేస్త."

"గట్లయితే నేనీడనే కూసుంట. పో," అంటూ రాయమల్లు తంగేడు పొద నీడలో చతికిలపడ్డాడు.

హనుమండ్లు వాహెద్ చేను దాకా పోయి తీగల మొదట్లో వేలు గుచ్చి చూశాడు. మన్ను పొడిగా ఉంది. తనకు నిరాశ కలిగిందని తెలిసి సిగ్గుపడ్డాడు. తలెత్తేసరికి దూరంగా వాహెద్ కనిపించాడు. భుజం మీద బిందె. ఇంటివైపు కాదు, వాగువైపు పోతున్నాడు.

అక్కడెక్కడో దొంగచాటుగా మడి చేశాడన్నమాట. అన్నీ ఇప్పుడు అతుకుతున్నాయి. ఏడాది కింద తన కూతురు నర్సు చనిపోయినప్పటి నుంచి వాహెద్ తన కళ్లలోకి చూడడం మానేశాడు. పలకరిస్తే నేల చూస్తాడు. ఆరేళ్ల పిల్ల, వడదెబ్బకు పోయింది, అందుకు జాలిపడుతున్నాడనుకున్నాడు ఇన్నాళ్లూ. జాలి కాదు, దొంగచూపు. దొంగచూపే కావాలి. ఎదుటివాడు దొంగ అయితే తను ఎవరి జాలీ అక్కర్లేని ఉత్త మనిషిగా మిగులుతాడు.

వెనకాలే పోయిన హనుమండ్లు కాళ్లు వాగు ఒడ్డు దగ్గర వాటంతటవే నెమ్మదించాయి. ఊళ్లో చిన్నపిల్లలను పూడ్చే చోటు అది. పూడ్చి వచ్చినవాళ్లు మళ్లీ అటు పోవద్దని పెద్దలన్నారు. అతను పోలేదు. ఆ పోవద్దనే మాటను ఏడాదిగా దుప్పటిలా కప్పుకుని పడుకుంటున్నాడు.

వాహెద్ ఒక మోదుగు చెట్టు కింద బిందె దించాడు. చెంబుతో ముంచి, ఒక చిన్న మట్టి దిబ్బ మీద తల నుంచి కాళ్ల దాకా మెల్లగా పోశాడు. చుట్టూ దిబ్బలన్నీ నేలలో కలిసిపోయాయి. ఆ ఒక్కటే ఇంకా ఆకారంతో ఉంది. దాని మీద పచ్చగా గరిక.

"ఓ వాహెదూ! ఎవల నీళ్లురా అవి?"

వాహెద్ ఉలిక్కిపడ్డాడు గానీ పారిపోలేదు.

"జర మెల్లగ అన్నా. నర్సు ఈడ పండుకుంది."

హనుమండ్లు రెండడుగులు దగ్గరికి వచ్చాడు. దిబ్బ ఇంత చిన్నదా అనుకున్నాడు. ఆ రోజు తవ్విన గుంత పెద్దగా కనిపించింది.

"మా దాంట్ల గోరి మీద నీళ్లు చల్లుతం," అన్నాడు వాహెద్. "మీ దాంట్ల ఉండదని ఎరికే. మనసొప్పక పోస్తున్న."

"పోస్తే పోసినవ్. నీ వంతు నాడు తోడుకుంటే ఎవడొద్దంటడు?" అన్నాడు హనుమండ్లు. "పండుకునే దినమే ఎందుకురా? రాయమల్లు పొత్తు ఇడుస్తనంటుండు. బావి పోతది."

వాహెద్ బిందె అడుగున మిగిలిన నీళ్లు కూడా ఒంపేశాడు. నేల చూస్తూనే అన్నాడు.

"నర్సు పోయిన దినం గూడ పండుకునే దినమే గదనే అన్నా. పిల్ల నీకు సద్ది ఇచ్చి ఇంటికి పోయేటప్పుడు బాయి కాడ నన్ను జూసి ఆగింది. చిచ్చా, దూపయితుంది, జర నీళ్లు తోడు అన్నది. బొక్కెన చేతులకు తీసుకున్న. మల్ల ఆడనే పెట్టిన. మీ బాపు తిడతడు బిడ్డా, ఇంటికి పోయి తాగు అన్న."

మోదుగు ఆకు ఒకటి రాలి తడి మట్టికి అతుక్కుంది. హనుమండ్లు వంగి దాన్ని తీసేశాడు. వాహెద్ చేతిలోంచి ఖాళీ బిందె తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

రాయమల్లు నీడలోంచి లేచి ఎదురొచ్చాడు. "దొరికిండా అన్నా దొంగ?"

"దొరికిండు," అని హనుమండ్లు ఖాళీ బిందెను గట్టు మీద పెట్టి, పండుకున్న బావిలోకి బొక్కెన వదిలాడు.