కొండబాబాయి అడుగులు

పరిశోధకుడు కొండ దిగి లాడ్జికి వచ్చేసరికి పిన్ని భోజనాల బల్ల ఖాళీ చేసి, దాని మీద పాత దుప్పటి పరిచి కూర్చుంది.

"సంచి ఇక్కడ దులపండి బాబూ," అంది. టీ మాట కూడా ఎత్తలేదు.

ఆవిడ పద్ధతే అంత. కొండ ఎక్కి దిగినవాళ్లెవరైనా ముందు ఆ బల్ల దగ్గర హాజరు వేయించుకోవాల్సిందే. ఏరుకొచ్చిన వెంట్రుకలు, ఎముకలు, తాడుముక్కలు, గుడ్డపీలికలు, అన్నీ పరవాలి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూస్తుంది. ఆ తర్వాతే వేడినీళ్లు. ఒకసారి ఎవరో ఉన్ని చేతితొడుగు తెస్తే, దాన్ని తిరగేసి లోపలి కుట్టు దాకా చూసింది. బాబాయికి తొడుగులు కూడానా అని అందరూ నవ్వారు. ఆవిడ దాన్ని తిరిగి ఇచ్చేసింది.

ఆ కొండ మీద ఒంటినిండా బొచ్చుతో, రెండు కాళ్ల మీద నడిచేదేదో ఉందని ఊళ్లో తాతల నాటి నుంచీ చెప్పుకుంటారు. ముద్దుగా కొండబాబాయి అంటారు. ఈవిడ ఎక్కణ్ణుంచో వచ్చి, మూతబడ్డ లాడ్జి అద్దెకు తీసుకుని, బాబాయిని వెతికేవాళ్లకి సేవలు చేస్తోంది కాబట్టి పిన్ని అయిపోయింది. బస్సు డ్రైవరు పెట్టిన పేరది. "బాబాయి ఇంకా ఇంటికి రాలేదా పిన్నీ?" అని హారన్ కొట్టి మరీ అడిగేవాడు.

"ఇంకా లేదు," అనేది. నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు.

పరిశోధకుడి సంచిలో పెద్దగా ఏమీ లేదు. పిన్ని ఒక ఎముక తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది.

"కొండమేకదండీ," అన్నాడతను.

"రూఢిగా మేకదేనా?"

"రూఢిగానే."

ఎముక పక్కన పెట్టేసింది. గోడ మీద కొండ పటం ఉంది. తూర్పు వాలులో ఎంతవరకు వెళ్లాడో, పగుళ్లలోకి టార్చి వేసి చూశాడో లేదో గుచ్చి గుచ్చి అడిగి, ఆ మేరకు పెన్సిలుతో నల్లగా నింపింది. ఇక తెల్లగా మిగిలింది ఉత్తరపు లోయ ఒక్కటే.

"వచ్చే ఏడు అటు చూద్దురుగాని," అంది.

"వచ్చే ఏడు ఎవరూ రారు పిన్నిగారూ."

చెప్పక తప్పదని చెప్పేశాడు. మంచులో కనిపిస్తున్న ఆ కొండబాబాయి అడుగులు దొంగవి. చెక్కతో చేసినవి. ఎడమ మడమ దగ్గర మేకు గుర్తు ప్రతి అడుగులోనూ ఉంది. అంత పెద్ద పాదం మంచులో దిగాల్సినంత దిగలేదు, అంటే వేసింది ఎవరో బక్కపలచటి మనిషి. కథ తాతల నాటిదే గానీ, అడుగులు కనిపించడం మొదలైంది ఈ లాడ్జి మళ్లీ తెరిచాకే. పైగా ఏడాదికో వైపు. ఊరెళ్లగానే ఇదంతా పత్రికలకు రాసేస్తాడు. రాశాక ఆ కొండ ముఖం చూసేవాడుండడు. లాడ్జికి మళ్లీ తాళమే.

పిన్ని కాదనలేదు. లోపలికెళ్లి టీ పెట్టి తెచ్చింది. ఏడుపు రాలేదు. ఆవిడకి ఏదైనా అనిపించి చాలా కాలమైంది.

"ఒక్క ఏడాది ఆగి రాయండి," అంది. "ఉత్తరపు లోయ కూడా అయిపోనివ్వండి. తర్వాత మీ ఇష్టం."

అతనికి ఒళ్లు మండిపోయింది. చలికి తన కాలివేళ్లు ఇంకా స్వాధీనంలోకి రాలేదు, ఈవిడేమో తాపీగా బేరమాడుతోంది. నాలుగు గదులు నిండటం కోసం ఇంతమంది ప్రాణాల మీదకు తెస్తారా అని నిలదీశాడు.

"జంతువు లేదని మీకు ముందే తెలుసు. మరి ఏం దొరుకుతుందని మాచేత వెతికించారు?"

పిన్ని మేక ఎముకను పైటచెంగుతో తుడిచి, అతని సంచిలో జాగ్రత్తగా పెట్టింది.

"మా ఆయన ఈ కొండ మీద తప్పిపోతే రెండ్రోజులే వెతికారు బాబూ."