గోరింకకు అప్పజెప్పిన మాట

చింతచెట్టు తొర్రలో ఉండే ముసలి ఉడుత, తన తదనంతరం ఏది ఎవరికి చెందాలో తొలకరిలోనే గోరింకతో చెప్పింది. "నేను పోయేదాకా నీలోనే ఉంచుకోవే" అంది. చలి మొదలయ్యేసరికి పోయింది.

పెద్దకర్మ నాడు అందరూ చెట్టుకింద చేరారు.

"అమ్మ ఏం చెప్పింది పిన్నీ?" అని అడిగాడు ఉడుత పెద్దకొడుకు.

గోరింక ముక్కు తెరిచింది. ఆ రోజు తుంపర పడటం గుర్తుంది, ఉడుత తోక తడిసి పుల్లలా అవడం గుర్తుంది. చెప్పిన మాట మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

"పోనీలే, పెద్దవాణ్ణి కనక తొర్ర నాదే" అన్నాడు వాడు.

ఆ తొర్రలోనే తల్లితో ఉంటున్న కుంటికాలి చెల్లెలు తన దూదిపక్క చుట్టుకోసాగింది. ఈ చలిలో అదెక్కడికి పోతుందోనని గోరింక ఆ మాట కోసం మళ్లీ వెతుక్కుంది.

అప్పుడు కప్ప గొంతు సవరించుకుంది. "తొర్ర చెల్లెలికి, వేరుసెనగలు ఇద్దరికీ చెరిసగం. గోరింక పిన్ని నాతో చెప్పింది."

"నాతోనూ చెప్పింది" అంది కాకి.

"నాతోనూ. ఎవరితోనూ అననని ఒట్టు కూడా వేయించుకుంది" అంది నత్త.

మరిచిపోతానేమోనన్న భయంతో గోరింక అప్పట్లోనే కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది. చెప్పిన సంగతే మరిచిపోయింది.

"మీరంతా కూడబలుక్కుని వచ్చారు" అన్నాడు పెద్దకొడుకు.

అంతవరకూ నోరు మెదపని వాడి పెళ్లాం మూతి ముడుచుకుని గోరింకవైపు తిరిగింది.

"అదేంటి పిన్నీ, నా ఒక్కదానికే చెబుతున్నానన్నావు కదా?"