రెండుసార్లు నొక్కితే

ఫిబ్రవరి పదకొండున రాత్రి పాలలో బ్రెడ్డు ముంచుకుని తిన్నాను. మా ఆవిడ పోయి ఆ రోజుకి ఏడాది.

ఆమె మంచాన పడ్డప్పుడు దిండు పక్కన ఒక బటన్ పెట్టి, దాని తీగను నా గదిలోని అరచేతంత కంప్యూటర్ బోర్డుకు కలిపాను. నొక్కినప్పుడల్లా అది టిక్కుమనేది, తెర మీద ఇంటరప్ట్‌ల లెక్క, అంటే ఎన్నిసార్లు నొక్కిందో ఆ లెక్క, ఒకటి పెరిగేది. ఒకసారి నొక్కితే రమ్మని. రెండుసార్లయితే, "ఏం లేదు, పడుకోండి" అని. ఎక్కువగా రెండుసార్లే నొక్కేది.

ఈమధ్య ఎవరూ నొక్కకుండానే లెక్క పెరుగుతోంది. ఒక రాత్రి ఏడు, ఒక రాత్రి నలభై. ఆ రాత్రి తిన్నాక అమ్మాయికి ఫోన్ చేశాను.

"అంత పొడుగు తీగ కదా నాన్నా, పక్కన కరెంటు వైరు ఉన్నా బోర్డు ఉలిక్కిపడుతుంది. తీగ పీకేసి, అది ఉన్న పిన్నుకు ఒక రెసిస్టర్ తగిలించు, ఇక ఉత్తుత్తి లెక్క రాదు." మళ్లీ తనే అడిగింది. "పీకడానికి మనసు రావట్లేదా?"

"అదేం లేదులే" అన్నాను.

తీగ పీకి, రెసిస్టర్ పెట్టాను. గంటసేపు చూసినా లెక్క సున్నా దగ్గరే ఉంది. ఒక వస్తువు బాగుపడినందుకు అంత దిగులు నాకెప్పుడూ కలగలేదు.

లైటు ఆర్పబోతుంటే బోర్డు టిక్కుమంది. తీగ చుట్ట నా చేతిలోనే ఉంది.

ఒక్కటే అయితే రమ్మని. ఆమె గది గుమ్మం దాకా వెళ్లి, చీకట్లో నిలబడ్డాను. వెనక నా గదిలో రెండో టిక్కు వినిపించింది.

"సరే, పడుకుంటాను" అని, చప్పుడు కాకుండా ఆమె గది తలుపు దగ్గరగా వేశాను.