చేపముల్లు

పై రాయి మళ్లీ కదిలింది.

శిల్పి చటుక్కున చెయ్యి తీసేసుకుంది. ఆమె తొయ్యను కూడా లేదు, వేలు ఆనించిందంతే.

ఊరి వెనకాల కొండ ఎలా ఉంటుందో అలాగే, పార్కు మధ్యలో పాత తిరగలి రాళ్లతో ఒక కొండ పేరుస్తోందామె. ఇంటింటికీ వెళ్లి ఇరవై తిరగళ్లు అడిగి తెచ్చింది. లారీవాళ్లు పై రాళ్లన్నీ ఒక కుప్పగా, కింది రాళ్లన్నీ ఒక కుప్పగా దించిపోయారు.

సిమెంటు పెట్టి చూసింది. తెల్లారేసరికి పగిలింది.

"రేపు పదింటికి వస్తాను. వెంట్రుకవాసి కదిలినా విప్పించేస్తా. పిల్లలు ఎక్కే చోటమ్మా ఇది," అని చెప్పి వెళ్లాడు ఇంజనీరు.



అంతలో ఆ ముసలాయన మళ్లీ వచ్చాడు. మూడు రోజులుగా వస్తున్నాడు. చూపు లేదు. కర్ర పక్కన పెట్టి, ఒక్కో రాయీ అంచు వెంబడి తడుముతాడు.

"తాతా, జరుగు. మీద పడితే నా ప్రాణం మీదికొస్తుంది," అన్నాడు కాపలాదారు.

"నా మీద పడదులేవయ్యా. వాటికీ నాకూ తగువు లేదు."

ముసలాయన శిల్పి వైపు తిరిగాడు.

"అమ్మా, దీనికింద ఉండాల్సిన రాయి ఇది కాదు."

"అన్నీ ఒకటే కొలత తాతా. నేనే కొలిచాను."

"కొలత సరే. ముప్పయ్యేళ్లు కలిసి అరిగిన రాళ్లమ్మా ఇవి. పక్కింటి మొగుణ్ణి తెచ్చి కూర్చోబెడితే కాపురం నిలుస్తుందా?"

కాపలాదారు ఫక్కున నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

"అయితే దేనికి ఏది జతో నువ్వు చెప్తావా?"

"చెప్తా. ఒక బొగ్గుముక్క ఇప్పించు."

ఫోను మోగింది. ఇంజనీరే. ఆమె పక్కకు వెళ్లి అరగంట బతిమాలుకుని వచ్చింది.

వచ్చేసరికి ప్రతి రాయి అంచునా నల్లటి గీతలు. ఒకచోట చేపముల్లు, ఒకచోట పిట్టకాలు, ఒకచోట కొడవలి.

ఆమె ఓపిక అక్కడితో అయిపోయింది.

"బాబాయ్, ముందు ఈయన్ని పంపించెయ్యి. తర్వాత ఇదంతా కడుగు."

ముసలాయన కర్ర అందుకున్నాడు. "పోతాలే తల్లీ. ఇక్కడేదో పలక తగిలింది. ఏం రాశారు దానిమీద?"

ఆమె విసుగ్గానే చదివింది. "మన కొండకీ, మన తిండికీ. ఈ రాళ్లు చెక్కినదెవరో తెలియదు."

"బాగుంది," అని వెళ్లిపోయాడు.

కాసేపటికి కాపలాదారు తడిగుడ్డతో వచ్చి నిలబడ్డాడు.

"పోవట్లేదమ్మా. మూడుసార్లు రుద్దాను."

ఆమె గోటితో గీకింది. గోరు గీతలోకి దిగింది. అది బొగ్గు గీత కాదు. రాతిలో ఎప్పుడో చెక్కిన గుర్తు, మట్టి పట్టి కనపడకుండా పోయింది. బొగ్గు అందులో కూరుకుంది.

కింది రాళ్లలో ఒకదానికి చేపముల్లు. పై రాళ్లలోనూ ఒకే ఒక్కదానికి చేపముల్లు.

"కళ్లు లేకపోతేనేం, వేళ్లతో కనిపెట్టేశాడు గట్టివాడు," అన్నాడు కాపలాదారు.

కొండ మొత్తం విప్పారు. చేపముల్లు మీద చేపముల్లు, పిట్టకాలు మీద పిట్టకాలు పెట్టుకుంటూ పొద్దుగూకే వేళకి మళ్లీ పేర్చారు. ప్రతి రాయీ టక్కున కూర్చుంది.

మర్నాడు ఇంజనీరు అరచేత్తో తోశాడు. భుజం పెట్టి తోశాడు. సంతకం పెట్టాడు.

"బాబాయ్, ఆ తాతని పిలుచుకురా."

కాపలాదారు తల గోక్కున్నాడు. "ఎక్కడని పిలవను? నిన్న నేనే బస్సెక్కించాను. మళ్లీ ఈ ఛాయలకి రావద్దని మరీ చెప్పాను."

పలక మీద గుడ్డ తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

తిరగలి ఇచ్చిన ఒక పెద్దావిడ కొండ చుట్టూ తిరిగి, ఒకచోట ఆగి, అంచు తడిమింది.

"ఇదిగో, మాది. చేపముల్లు."

"ఈ గుర్తులు మీరు పెట్టుకున్నవా అమ్మమ్మా?"

"మేమెందుకు పెడతామే? ఒకరి రాయి ఇంకొకరికి మారకూడదని చెక్కినవాడే పెట్టాడు. ఇరవై ఇళ్లకీ అతనే చెక్కాడు. మాది ఆఖరిది, దాని పెచ్చులు ఎగిరి తగిలే పాపం, అతని కళ్లు పోయాయి."