నాలుగో బోల్టు

కారు తలుపులోంచి లింగయ్య కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

మిగతా మనిషంతా స్టీరింగు కింద, సీటు పక్కన ఒదిగి పడుకున్నాడు. మూడు బోల్టులు ఊడాయి. నాలుగోది రావడం లేదు.

అది ఖాజాగూడ రాళ్ళ నడుమ, ఎవరిదో పాత తోటబంగళా వెనకాల రేకుల షెడ్డు. అందులో ముప్పై ఏళ్ళ నాటి స్పోర్ట్స్ కారు. ముందుభాగం నుజ్జయింది. టైర్లు మట్టిలో కూరుకుపోయాయి. పనికొచ్చేవి రెండు సీట్లే. వాటి ఎర్రతోలు కూడా పగుళ్ళు బారి, కుట్లు తెగి, లోపలి పీచు బయటికొచ్చింది.

అచ్చం అలాంటి కారే ఉదయ్ భాస్కర్ దగ్గర ఉంది, సీట్లు లేకుండా. హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరిన ఏడాదే ముచ్చటపడి కొన్నాడు. సీట్ల కోసం ఎనిమిది నెలలు వెతికాడు. ఇంత పాత తోలును బాగుచేయాలంటే గచ్చిబౌలిలో సీట్లు కుట్టే లింగయ్యే చేయాలని అందరూ చెప్పారు.

పన్నెండింటికి పక్క గుట్టను పేలుస్తారని, ఆలోపే వెళ్ళిపొమ్మని కావలివాడు పొద్దునే చెప్పాడు. కొత్త రోడ్డు వస్తోంది. రేపు షెడ్డు కూడా ఉండదు.

ఒక సీటు ఊడి, బయట గోనెపట్టా మీద ఉంది. రెండోది మొండికేసేసరికి, ఒక్కటి చాలు పోదామన్నాడు లింగయ్య. ఇంకో పది నిమిషాలు చూద్దామన్నాడు ఉదయ్.

అది జరిగి పావుగంటయింది.

ఫట్‌మని చప్పుడైంది.

లింగయ్య అరవలేదు. ఊపిరి బిగబట్టాడంతే.

తుప్పుపట్టిన పట్టీ విరిగి, సీటు ఇనపచట్రం అతని ఎడమ మణికట్టు మీద కూర్చుంది. నాలుగో బోల్టు ఊడితే తప్ప చట్రం లేవదు. అది అతని కుడిచేతికి అందదు.

ఉదయ్ పానా తీసుకుని వెనకనుంచి వంగాడు. బోల్టు పావు చుట్టు తిరిగింది. మళ్ళీ పట్టేసింది.

అప్పుడే ఈల మోగింది.

బయటికొచ్చి చూస్తే, ఎర్రజెండా పట్టుకున్న మనిషి గుట్ట మీదనుంచి పరుగున దిగుతున్నాడు. ఉదయ్ రెండు చేతులూ ఊపాడు. లోపల మనిషి ఇరుక్కున్నాడని, ఆపమని అరిచాడు.

"వత్తి అంటించిన్రు. ఇగ ఆగదు. బండ ఎనకకు రాన్రి."

రెండు నిమిషాలని వేళ్ళు చూపించి, ఆ మనిషి పెద్దబండ వెనక్కి వెళ్ళిపోయాడు.

ఉదయ్ లోపలికి పరిగెత్తాడు. పానా తగిలించాడు. జారింది. మళ్ళీ తగిలించాడు. మళ్ళీ జారింది. చెమట కళ్ళలోకి దిగుతోంది. నెత్తిమీద ఉన్నది ఒట్టి రేకు.

లింగయ్య మొహం ఇటు తిప్పాడు.

"జర నిమ్మళంగ, సార్. పానా సక్కగ పట్టున్రి. వస్తది."

రెండో ఈల.

పానా నేలమీద పడిన చప్పుడు ఉదయ్‌కి వినిపించింది. తన కాళ్ళు ఎప్పుడు కదిలాయో తెలియలేదు.

బండ వెనక, జెండా మనిషి పక్కన, చెవులు మూసుకుని ముడుచుకున్నాడు. మూసుకునే ముందు షెడ్డులోంచి ఒక్క పిలుపు వినబడింది.

"సార్."

కేక కాదు. దుకాణంలో కత్తెర అందించమని అడిగినట్టు, అంతే.

నేల అతని మోకాళ్ళను ఎత్తి కుదేసింది. ఆ వెంటనే రేకుల మీద రాళ్ళు పడ్డాయి. చాలాసేపు పడుతూనే ఉన్నాయి.

దుమ్ములో ముందు లేచింది జెండా మనిషే. ఉదయ్ బండ పట్టుకుని లేచి, వెనకే నడిచాడు. చూడాల్సి వస్తుందని భయం. చూడకుండా ఉండలేననీ భయమే.

షెడ్డు కప్పు మూడుచోట్ల చిరిగింది. కొబ్బరికాయంత రాయి సీటు వీపులోకి దిగబడి ఉంది. ఆ సీటు కింద, అంచుకు తల ఆనించుకుని లింగయ్య. మొహమంతా తెల్లటి దుమ్ము. కళ్ళు తెరిచే ఉన్నాయి.

అవి కదిలాయి.

జెండా మనిషి నేలమీది పానా తీసి బోల్టుకు పెట్టాడు. నాలుగు చుట్లకు ఊడివచ్చింది.

ట్రాలీ ఆటోలో సీట్ల పక్కన కూర్చుని ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. ఎముక విరగలేదని డాక్టరు చెప్పాక, కట్టు కట్టించుకుని లింగయ్య ఇంటికి వెళ్ళాడు.

మూడు వారాలు ఉదయ్ అటువైపు పోలేదు. ఆఫీసులో ఫోను మోగితే ఎత్తడానికి వెనకాడేవాడు. గచ్చిబౌలి చౌరస్తాలో బస్సు ఆగితే మొహం పక్కకు తిప్పుకునేవాడు. లింగయ్య అందరికీ చెప్పే ఉంటాడు. ఇంట్లో చెప్పే ఉంటాడు. ఆ ఇంటి గుమ్మంలో తనను ఏమని అడుగుతారో రోజుకో రకంగా ఊహించుకున్నాడు.

నాలుగో ఆదివారం కబురొచ్చింది, సీట్లు తయారని.

లింగయ్య ఇంటి వాకిట్లో చాప మీద ఉన్నాయి. అదే తోలు. నూనె పట్టించి, పగుళ్ళు పూడ్చి, తెగిన కుట్లన్నీ పాత రంధ్రాల్లోంచే తిరిగి వేశాడు. రాయి దిగిన చోటు ఎక్కడో ఉదయ్‌కి కనిపించలేదు. వెతికే ధైర్యమూ లేదు.

లింగయ్య భార్య లక్ష్మమ్మ టీ పట్టుకుని బయటికొచ్చింది. ఉదయ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీరుండబట్టి సరిపోయింది సారూ," అంది. "ఒక్కడే ఉంటె బెదిరి పాణం ఇడుస్తుండె. అంత జరిగినా మీరు ఆయనను ఇడిచి కదలలేదంట గద."

ఉదయ్ లింగయ్య వైపు చూశాడు.

అతను కట్టు ఉన్న చేత్తో సీటు అంచు పట్టుకుని, మిగిలిన దారాన్ని పంటితో తెంపుతున్నాడు. తల ఎత్తలేదు.

"తాగున్రి, సల్లారుతది," అంది లక్ష్మమ్మ.

ఉదయ్ భాస్కర్ గ్లాసు అందుకున్నాడు.