గేటు గడియ

"అన్నయ్య అక్కడ సరిహద్దులో కాపలా ఉంటే, ఇక్కడ ఇంటి అడ్రసు లోకమంతా చాటుతారా? వాణ్ణి వదలకూడదు వదినా!" అంటూ మరిది పోలీసు స్టేషన్లో కూర్చుని ఫిర్యాదు చకచకా రాస్తున్నాడు.

ఆమె చేతిలో ఫోను మళ్ళీ మోగింది. పొద్దున్నుంచీ బెదిరింపులే. భయపడి పాపను బడికి కూడా పంపలేదు.

"సైనికుల వివరాలు కక్షకొద్దీ బయటపెడితే జైలేనమ్మా. ఇప్పుడు చట్టముంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆన్‌లైన్లో పెట్టిన ఆ పోస్టు పైకి చదివాడు. పేరు, ఫొటో, ఇంటి నంబరు, పాప బడి. "చివర ఇదేంటి? 'గేటు బిగుసుకున్నట్టుంటుంది. గడియ పైకెత్తి తోస్తే తెరుచుకుంటుంది.'"

ఆమె తలెత్తింది.

ఆ గడియ మొన్న ఆదివారమే చెడింది. ఆ తర్వాత ఇంటికి వచ్చింది ఒక్కడే. ఉద్యోగానికి అన్నయ్య సిఫారసు చెయ్యలేదని కేకలేసి వెళ్ళిపోతుంటే, గడియ ఎలా తియ్యాలో ఆమే చూపించింది.

"ఎవరిమీదైనా అనుమానమా?"

"తెలిస్తే ఇంత బాధెందుకు సార్?" మరిది కాగితం ఆమె ముందుకు జరిపాడు. "సంతకం పెట్టండి వదినా."

'గుర్తు తెలియని వ్యక్తి మీద ఫిర్యాదు' అని రాసి ఉంది.

ఆమె పెన్ను తీసుకుంది. సంతకం పెట్టలేదు. 'గుర్తు తెలియని' అన్న మాటలు కొట్టేసింది.