నాలుగో పేరు

"పేరు చెప్పు హాజీ."

"చెప్పనన్నాను కదా బిడ్డా. నాసిర్ తల్లి అని రాసుకో."

ఇష్రాక్ రాయలేదు. కలం మూసి, కూలిన గోడ మీద ముక్బిల్ ముసలాయన ఎదురుగా కూర్చుంది. పొద్దున పడిన బాంబుకు ఆయన మూడంతస్తుల రాతి ఇల్లు గుట్టయిపోయింది. పొలంలో ఉన్నాడు కాబట్టి ఆయన మిగిలాడు. అన్న హిజామ్, అన్న కొడుకు జుబ్రాన్, జుబ్రాన్ ఆరేళ్ల కూతురు వద్‌హా శవాలై దొరికారు. మూడు పేర్లూ, బాంబులకు చచ్చినవాళ్ల లెక్క రాసే ఇష్రాక్ పుస్తకంలోకి ఎక్కాయి, వయసులతో, సాక్షుల వేలిముద్రలతో. నాలుగో గడి ఖాళీ. అది ముసలాయన భార్యది.

ఆమె దొరకలేదు. దొరికింది ఆమె నల్ల ముసుగు ఒక్కటే, విరిగిన తలుపుకు వేలాడుతూ. అది లేకుండా ఆమె గడప దాటిన రోజు లేదని ఊరంతా ఒకే మాట. ముసుగు ఇక్కడుంటే మనిషీ ఇక్కడే. రొట్టెకు జొన్నలు తీయాలంటూ వంటింట్లోకి వెళ్లడం పక్కింటావిడ చూసిందట, ఇంతలోనే బాంబు పడింది. ఇప్పుడు వంటింటి మీద ఇంటెత్తు రాళ్లు. లోపలెవరైనా ఉన్నారా అని మగవాళ్లు గొంతు పోయేలా అరిచారు. ఉలుకూ పలుకూ లేదు. చేతులతో అయ్యే పని కాదు, పైగా విమానాలు మళ్లీ వస్తాయేమోనన్న భయం. ఆ గుట్టనే సమాధి అనుకుని, చచ్చినవాళ్ల కోసం చదివే జనాజా నమాజు చదివి కొండ దిగిపోదామని పెద్దలు తేల్చేశారు.

చంపేవాళ్లకు పేర్లతో పనిలేదు. చచ్చినవాళ్లకే కావాలి. పోయిన నెల పక్క లోయలో ఇష్రాక్ ఇలాగే 'ఒక స్త్రీ, పేరు తెలియదు' అని రాసి పంపింది. పేరే లేని మనిషి చచ్చిందని ఎలా నమ్ముతామంటూ ఆ లెక్క చూసే పై దొరలు ఆ వరుస కొట్టేశారు. ఆరుగురిని కన్న తల్లి ఒక్క గీతతో అసలు పుట్టనే లేదు. ఇష్రాక్ అదే ముసలాయనకు చెప్పింది.

పరాయి మగాళ్ల చెవిన ఇంటి ఆడదాని పేరు వేయడం తమ వంశంలో లేదన్నాడాయన.

"ఎవరి వంశంలో ఉంది? మా నాన్న నన్ను బడిలో వేయడానికొచ్చి, నా పేరు మేస్టారి చెవిలో ఊదిపోయాడు. ఇప్పుడు నేనే ఆ బడిలో పంతులమ్మని."

ఇష్రాక్ ఊరి ఆడవాళ్లనూ అడిగి చూసింది. అందరికీ ముసలాయన భార్య నాసిర్ తల్లే. కొడుకు నాసిర్ దూరాన హొదైదా రేవులో మూటలు మోస్తున్నాడు, ఫోను కలవడం లేదు. పుట్టిల్లు రెండు కొండల అవతల. గుర్తింపు కార్డు ఆమెకు ఎప్పుడూ లేదు. ఆ పేరు తెలిసిన మనిషి ఈ కొండ మీద ఈ ఒక్క ముసలాయనే, ఆయనేమో నోరు కుట్టేసుకున్నాడు.

"నలభై ఏళ్లలో ఒక్కసారైనా పేరుతో పిలవలేదా హాజీ?"

"పిలవాల్సిన పనేముంది? దగ్గితే వచ్చేది."

"మరి ఆమె నిన్ను?"

"నాసిర్ నాయనా అనేది. కోపమొస్తే అదీ లేదు, గిన్నెలు మాట్లాడేవి." నవ్వబోయాడు.  ఒళ్లోని ముసుగును మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

అవతల మగవాళ్లు చెంపల్లో నములుతున్న ఖాత్ మత్తాకు ఉమ్మేసి, నోళ్లు కడుక్కుని, గుట్ట ముందు వరుస కడుతున్నారు. నమాజు అయితే సాక్షులు ఎవరి దారిన వాళ్లు పోతారు. ఇష్రాక్ ఇంక మెత్తగా మాట్లాడలేదు.

"సరే, చెప్పకు. ఆ రాళ్ల కింద ఎవరూ లేరని రాస్తారు. నలభై ఏళ్లు నీకు రొట్టె కాల్చింది ఎవరూ కాదని రాస్తారు. బాంబు వేసినవాడూ అదే అంటాడు, నువ్వూ అదే అంటున్నావు."

 ముసలాయన అటూ ఇటూ చూసి, వంగి, ఆమె చెవి దగ్గర పెదాలు ఆడించాడు.

ఇష్రాక్‌కు గాలి తప్ప ఏమీ వినపడలేదు. అంతకుముందెప్పుడో బడి పక్కన పడిన బాంబుకు ఆమె చెవులు రెండూ సగం పోయాయి. గట్టిగా చెప్పమంది. ఆయన మళ్లీ గొణిగాడు. మళ్లీ గాలే. ఇంకొంచెం గట్టిగా అంది. వరుసలోని వాళ్లు తలలు తిప్పి చూశారు. ముసలాయన ముఖం ఎర్రబడింది.

అప్పుడు లేచాడు. ముసుగును గుప్పిట్లో పట్టుకుని, మగవాళ్లకు వీపు చూపించి, గుట్టవైపు తిరిగి, అవతలి కొండ మీది మేకల్ని అదిలించే గొంతుతో అరిచాడు.

"హమామా. నా భార్య పేరు హమామా. విన్నారా అందరూ? రాసుకో బిడ్డా. హమామా."

మగవాళ్లంతా నేల చూశారు. ఇష్రాక్ రాసింది. సిరా ఇంకా ఆరలేదు, గుట్ట పక్క నుంచి ఒక చిన్న రాయి దొర్లింది. తర్వాత ఇంకొకటి. వంటింటి కింది జొన్నల పాతరలోంచి, దుమ్ముతో బొంగురుపోయిన గొంతొకటి విసుగ్గా పైకి వచ్చింది.

"తలమీద గుడ్డ లేదని, పరాయి మగాళ్లున్నారని పొద్దుటి నుంచి ఊపిరి బిగబట్టి కూర్చున్నాను కదా నాసిర్ నాయనా, ఊరంతటికీ నా పేరు చాటింపు వేసింది చాలుగానీ, ముందు ఆ ముసుగు ఇలా అందించు."